ఛాతీ గోడ అనాటమీ: గుంటూరు, విజయవాడ ఫస్టియర్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా థొరాక్స్ (ఛాతీ భాగం) పాఠాలు మొదలవగానే అవే సందేహాలు వస్తాయి. డీహెచ్‌లో (శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో) బల్ల దగ్గర కొన్ని, కారిడార్‌లో కొన్ని, ఇంటర్నల్స్ ముందు రాత్రి వాట్సాప్‌లో మరికొన్ని. గుంటూరు, విజయవాడల్లో నా దగ్గర చదువుకున్న పిల్లలు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే ఉంచి జవాబులు రాశాను. ఎంబీబీఎస్ వాళ్లతో పాటు ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివేవాళ్లకీ పనికొస్తాయి. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. చదివేటప్పుడు ఒక చెయ్యి మీ ఛాతీ మీద ఉంచుకోండి. పుస్తకంలో ఉన్నదాంట్లో చాలా భాగం వేళ్లకి తగులుతుంది. వేలికి తగిలినది పరీక్ష హాల్లో గుర్తుకొస్తుంది, ఐదేళ్ల తర్వాత క్యాజువాలిటీలో కూడా గుర్తుకొస్తుంది.

## మొదలుపెట్టే ముందు

మేడం, ఛాతీ గోడ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? పక్కటెముకలేనా?

పక్కటెముకలు దాంట్లో ఒక పొర మాత్రమే. బయటి నుంచి లోపలికి వెళ్తే ముందు చర్మం, దాని కింద కొవ్వు ఉండే సూపర్‌ఫిషియల్ ఫాషియా (రొమ్ము ఉండేది ఈ పొరలోనే), తర్వాత డీప్ ఫాషియా, దాని లోపల చేతికి సంబంధించిన పెద్ద కండరాలు. ముందు పెక్టొరాలిస్ మేజర్, మైనర్. పక్కన సెర్రాటస్ యాంటీరియర్. వెనక లాటిసిమస్ డార్సై, ట్రపీజియస్. వాటి లోపల పక్కటెముకలు, వాటి మధ్య ఇంటర్‌కోస్టల్ కండరాలు. ఇంకా లోపల ఎండోథొరాసిక్ ఫాషియా అనే పల్చటి పొర, చివర పెరైటల్ ప్లూరా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే సంచి బయటి పొర).

పైన ద్వారం చిన్నది: మొదటి థొరాసిక్ వెన్నుపూస, మొదటి పక్కటెముకల జత, మాన్యూబ్రియమ్ (రొమ్ము ఎముక, అంటే స్టెర్నమ్ పై ముక్క) పై అంచు. కింద ద్వారం పెద్దది, దాన్ని డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) మూసేస్తుంది. ఆ డయాఫ్రమ్ గుమ్మటంలా లోపలికి పైకి లేచి ఉంటుంది కాబట్టి కాలేయం, ప్లీహం, కడుపు పైభాగం కూడా పక్కటెముకల చాటునే ఉంటాయి. ఇది ఇప్పుడే మనసులో పెట్టుకోండి. కింది పక్కటెముకల మీద దెబ్బ తగిలినవాళ్లకి పొట్ట స్కాన్ ఎందుకు రాస్తారో అప్పుడు అర్థమవుతుంది.

బోన్ సెట్ మొత్తం కొనాలా? సీనియర్స్ దగ్గర తీసుకుంటే సరిపోతుందా?

సీనియర్ల దగ్గర తీసుకోండి, రూమ్మేట్‌తో కలిసి వాడుకోండి. థొరాక్స్ వరకు మీకు కావలసినవి స్టెర్నమ్, ఒక టిపికల్ పక్కటెముక, 1, 2, 12 పక్కటెముకలు, ఒక థొరాసిక్ వెన్నుపూస. ప్లాస్టిక్ మోడల్‌లో పక్కటెముక కింది అంచున ఉండే కోస్టల్ గ్రూవ్ సరిగ్గా రాదు. అసలు ఎముక మీద గోరు పెట్టి ఆ గాడిని ఒక్కసారి తడిమితే చాలు, ఎప్పటికీ గుర్తుంటుంది. అవి ఒకప్పుడు బతికిన మనిషి ఎముకలు. మంచం కింద పడేయకండి, ఫొటోలు పెట్టకండి.

టెన్త్ దాకా తెలుగు మీడియం. ఈ పేర్లు నోరు తిరగడం లేదు. ఎలా?

ముందు నోటికి రానివ్వండి, స్పెల్లింగు తర్వాత. పేరు పైకి పలుకుతూ ఆ భాగాన్ని మీ ఒంటి మీదే ముట్టుకోండి. గొంతు కింద గుంట మీద వేలు పెట్టి "జుగులార్ నాచ్", కిందకి జరిపి "మాన్యూబ్రియమ్", గట్టు తగలగానే "స్టెర్నల్ యాంగిల్", ఇంకా కిందకి "బాడీ", చివర మెత్తగా దిగే చోట "జైఫాయిడ్". పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఒకసారి, పడుకునేటప్పుడు ఒకసారి. నాకు తెలిసి ఇంగ్లిష్ మీడియం పిల్లలకి కూడా ఈ పేర్లు కొత్తవే. వెనకబడ్డామని అనుకోవద్దు.

## ఎముకల దగ్గర

ఆడవాళ్లకి ఒక పక్కటెముక ఎక్కువ ఉంటుందట కదా?

ఉండదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా 12 జతలే. ఎప్పుడైనా తేడా కనిపిస్తే అది ఆ మనిషి శరీరంలోని తేడా, ఆడామగా తేడా కాదు. కొద్దిమందికి ఏడో మెడ వెన్నుపూస నుంచి ఒక అదనపు పక్కటెముక పెరుగుతుంది, దాన్ని సర్వైకల్ రిబ్ అంటారు. ఎక్కువమందికి దాంతో ఏ బాధా ఉండదు, ఎక్స్‌రేలో అనుకోకుండా బయటపడుతుంది. కొందరికి మాత్రం దాని మీదుగా వెళ్లే సబ్‌క్లేవియన్ ఆర్టరీ, బ్రాకియల్ ప్లెక్సస్ లోయర్ ట్రంక్ (చేతికి వెళ్లే ఆర్టరీ, నరాల కట్ట) నొక్కుకుపోయి ముంజేయి లోపలి పక్క, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి, చేతిలో చిన్న కండరాలు బలహీనపడతాయి.

ట్రూ, ఫాల్స్, ఫ్లోటింగ్ అని ఎందుకు విడగొట్టారు?

ముందు వైపు స్టెర్నమ్‌కి ఎలా అంటుకుంటాయన్నదాన్ని బట్టి. 1 నుంచి 7 వరకు ఒక్కోటి తన సొంత కార్టిలేజ్‌తో (మృదులాస్థితో) నేరుగా స్టెర్నమ్‌కి చేరుతుంది, అవి ట్రూ. 8, 9, 10 తమ పై కార్టిలేజ్‌ని పట్టుకుని వెళ్తాయి, అవి ఫాల్స్. అందుకే మీ డొక్క దగ్గర వంపు తిరిగిన కోస్టల్ మార్జిన్ ఏర్పడుతుంది. 11, 12 కొసలు పొట్ట గోడ కండరాల్లోనే ఆగిపోతాయి, అవి ఫ్లోటింగ్. లెక్క ప్రకారం 11, 12 కూడా ఫాల్స్ కిందికే వస్తాయి. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఫాల్స్ ఎన్ని అంటే ఐదు జతలు అని చెప్పండి.

పక్కటెముక చేతికిచ్చి కుడిదా ఎడమదా అంటే బుర్ర పనిచేయడం లేదు. ఎలా చెప్పాలి?

మూడు విషయాలు చూడండి, అంతకుమించి అక్కర్లేదు. తల ఉన్న కొస వెనక్కి. ఉబ్బు బయటికి. గాడి ఉన్న అంచు కిందికి, గాడి లోపలి వైపు. ఈ మూడూ సరిపోయేలా ఎముకను మీ సొంత ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఏ పక్క అతికితే ఆ పక్కది. పరీక్షలో కూడా అలాగే ఆనించుకుని చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు.

మొదటి పక్కటెముక మాత్రం వేరే. అది అన్నిటికన్నా పొట్టిది, వెడల్పైనది, బాగా వంగినది. పైకీ కిందికీ చూసేలా బల్లపరుపుగా ఉంటుంది, గాడి అంచు ఉండదు. దాని పై ముఖం మీద బొటనవేలు జరపండి. లోపలి అంచున చిన్న బుడిపె తగులుతుంది, అది స్కేలీన్ ట్యూబర్కిల్, స్కేలీనస్ యాంటీరియర్ కండరం దిగే చోటు. దానికి ముందున్న పల్లం సబ్‌క్లేవియన్ వెయిన్‌ది, వెనకున్న పల్లం సబ్‌క్లేవియన్ ఆర్టరీది. ఆర్టరీ వెంటే బ్రాకియల్ ప్లెక్సస్ లోయర్ ట్రంక్. ముందు వెయిన్, మధ్యలో కండరం, వెనక ఆర్టరీ. ఈ వరస తెలిస్తే చాలు. ఆ బుడిపె, పల్లాలు ఉన్న ముఖం పైకి, తల వెనక్కి, వంపు బయటికి పెడితే పక్క తేలిపోతుంది.

టిపికల్, ఏటిపికల్ ఏవి?

3 నుంచి 9 టిపికల్. 1, 2, 10, 11, 12 ఏటిపికల్. టిపికల్ పక్కటెముక తలకి రెండు ఫాసెట్లు (కీలు కలిసే నున్నటి చోట్లు) ఉంటాయి. ఒకటి తన నంబరు వెన్నుపూసతో, ఒకటి దాని పై వెన్నుపూసతో కలుస్తుంది. 11, 12కి ట్యూబర్కిల్ (వెనక వెన్నుపూసకి ఆనే బుడిపె) ఉండదు.

స్టెర్నల్ యాంగిల్‌కి అంత ప్రాధాన్యం ఏంటి? ప్రతి సారూ అదే అడుగుతారు.

ఎందుకంటే ఛాతీ మీద లెక్క అక్కడే మొదలవుతుంది. మొదటి పక్కటెముక క్లేవికల్ (కాలర్ బోన్) చాటున ఉంటుంది, వేలికి సరిగ్గా దొరకదు. దొరకనిదాన్నుంచి లెక్కపెడితే ప్రతి స్పేసూ ఒకటి తప్పుతుంది. అందుకే జుగులార్ నాచ్ నుంచి వేలు కిందికి జరపండి. సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. మాన్యూబ్రియమ్, బాడీ కలిసే చోటు అదే. ఆ గట్టు మీద నుంచి వేలు పక్కకి జారిస్తే నేరుగా రెండో కోస్టల్ కార్టిలేజ్ మీదికి వెళ్తుంది. దాని కింద మెత్తగా తగిలేది రెండో ఇంటర్‌కోస్టల్ స్పేస్. అక్కడి నుంచి మూడు, నాలుగు, ఐదు.

లెక్కపెట్టేటప్పుడు స్టెర్నమ్ అంచు వెంట నిటారుగా దిగకండి. కింద కార్టిలేజ్‌లు ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, స్పేసులు దొరకవు. కొంచెం బయటికి ఏటవాలుగా వస్తూ లెక్కపెట్టండి.

లోపల కూడా ఆ మట్టం ముఖ్యమే. వెనక అది 4, 5 థొరాసిక్ వెన్నుపూసల మధ్య డిస్క్ ఎత్తులో ఉంటుంది. ట్రేకియా (గాలి గొట్టం) రెండుగా చీలేది దాదాపు అక్కడే, అయోర్టా ఆర్చ్ మొదలయ్యేదీ ముగిసేదీ అక్కడే, సుపీరియర్ మీడియాస్టైనమ్ (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటులో పై భాగం) కింది హద్దూ అదే. ఈసీజీ లీడ్ పెట్టాలన్నా, గుండె చప్పుడు వినాలన్నా, నీరు తీయాలన్నా మీ వేలు ముందు ఆ గట్టు మీదికే వెళ్లాలి. పదిమంది స్నేహితుల మీద వెతికి చూడండి. కొందరికి కొట్టొచ్చినట్టు ఉంటుంది, కొందరికి నొక్కితేగానీ తెలియదు.

## కండరాలు, నరాలు, ఊపిరి

ఇంటర్‌కోస్టల్ కండరాల పోగుల దిశ ఎప్పుడూ తారుమారైపోతోంది.

రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకోండి. వేళ్లు ఎటు చూస్తున్నాయో ఎక్స్‌టర్నల్ పోగులు ముందు వైపు అటే వెళ్తాయి: కిందికి, ముందుకి. ఇంటర్నల్ వాటికి దాదాపు లంబంగా: కిందికి, వెనక్కి. ఇన్నర్‌మోస్ట్ పోగులు ఇంటర్నల్ దారిలోనే పోతాయి. ఎక్స్‌టర్నల్ ముందుకొచ్చి ఎముక, కార్టిలేజ్ కలిసే చోట పల్చటి పొరగా మారుతుంది. ఇంటర్నల్ వెనక పక్కటెముక యాంగిల్ (వంపు తిరిగే చోటు) దగ్గర పొరగా మారుతుంది. అందుకే స్టెర్నమ్ పక్కన చూస్తే ఎక్స్‌టర్నల్ ఎర్రటి పోగులు కనిపించవు, తెల్లటి పొర గుండా ఇంటర్నల్ కనిపిస్తుంది.

పని విషయానికొస్తే ఎక్స్‌టర్నల్ పక్కటెముకలను పైకెత్తి ఊపిరి తీసుకోవడానికి సాయపడుతుంది. ఇంటర్నల్‌లో ఎముకల మధ్య ఉండే భాగం గట్టిగా ఊపిరి వదిలేటప్పుడు కిందికి లాగుతుంది. మూడూ కలిసి చేసే ఇంకో పని ఉంది, దాన్ని చాలామంది రాయరు. ఊపిరి పీల్చినప్పుడు స్పేసులు లోపలికి పీక్కుపోకుండా గట్టిగా పట్టి ఉంచడం.

వి-ఎ-ఎన్ వరస బట్టీపట్టాను. దాంతో నిజంగా ఉపయోగమేంటి?

సూది ఎక్కడ గుచ్చాలో చెబుతుంది. కోస్టల్ గ్రూవ్ చాటున పై నుంచి కిందికి వెయిన్, ఆర్టరీ, నర్వ్ ఉంటాయి. ఇంటర్నల్‌కీ ఇన్నర్‌మోస్ట్‌కీ మధ్య. అంటే ప్రతి పక్కటెముక కింది అంచు ప్రమాదకరం. అందుకే ప్లూరాలో నీరు తీసేటప్పుడు సూదిని కింది పక్కటెముక పై అంచును ఆనుకుని పోనిస్తారు. అక్కడ కూడా సన్నటి కొల్లేటరల్ కొమ్మలు ఉంటాయి కానీ అసలు కట్ట అంత ప్రమాదం లేదు.

వెన్ను దగ్గరికి వెళ్తే ఈ సూత్రం పనిచేయదు. పక్కటెముక యాంగిల్ కన్నా లోపలికి ఆ కట్ట ఇంకా గ్రూవ్ చాటుకి చేరి ఉండదు, స్పేస్ మధ్యలోనే ఉంటుంది. అందుకే వెన్నుపూసలకి బాగా దగ్గరగా సూది పెట్టరు. ఒకవేళ పని నరానికి మత్తివ్వడమే అయితే అప్పుడు కావాలనే పక్కటెముక కింది అంచు వైపు వెళ్తారు. బట్టీ అక్కర్లేదు, గాడి ఎటుందో గుర్తుంటే మిగతాది మీరే తేల్చుకోగలరు.

పంప్ హ్యాండిల్, బకెట్ హ్యాండిల్ కదలికలు పుస్తకంలో చదివితే బుర్రకెక్కడం లేదు.

పుస్తకం మూసి నిలబడండి. కుడి అరచెయ్యి స్టెర్నమ్ మీద పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోండి. చెయ్యి ముందుకీ పైకీ లేస్తుంది. ఊళ్లో బోరింగు పంపు పిడి ఒక కొస అక్కడే తిరుగుతూ రెండో కొస లేచినట్టే, పై పక్కటెముకలు వెనక వెన్నుపూస దగ్గర తిరిగి ముందు కొసని పైకెత్తుతాయి. ముందు నుంచి వెనక్కి ఉండే కొలత పెరుగుతుంది. ఇది పంప్ హ్యాండిల్.

ఇప్పుడు రెండు చేతులూ డొక్కల మీద, కింది పక్కటెముకల పక్కన పెట్టండి. మళ్లీ ఊపిరి. ఈసారి చేతులు బయటికి జరుగుతాయి. కింది పక్కటెముకలు రెండు కొసల దగ్గరా ఆధారపడి ఉండి, మధ్య భాగం కిందికి వాలి ఉంటుంది. ఆ మధ్య భాగం పైకి లేస్తే అడ్డం కొలత పెరుగుతుంది. ఇది బకెట్ హ్యాండిల్.

ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలంటే వెన్నుపూస ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ చూడండి. పై వాటి మీద ట్యూబర్కిల్ కూర్చునే ఫాసెట్ గుంటగా ఉంటుంది కాబట్టి పక్కటెముక అక్కడే తిరుగుతుంది. కింది వాటి మీద చదునుగా ఉంటుంది కాబట్టి జారుతుంది. కీలు ఆకారమే కదలికను నిర్ణయిస్తుంది. నాకు ఛాతీ గోడ మొత్తంలో ఇష్టమైన సంగతి ఇదే, ప్రతి బ్యాచ్‌కీ రెండు వెన్నుపూసలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

నిలువు కొలత పెంచేది డయాఫ్రమ్. ప్రశాంతంగా కూర్చుని తీసుకునే ఊపిరిలో ఎక్కువ పని దానిదే.

పోస్టీరియర్ ఇంటర్‌కోస్టల్ ఆర్టరీల్లో మొదటి రెండూ ఎందుకు వేరు?

మొదటి రెండు స్పేసులకి రక్తం సుపీరియర్ ఇంటర్‌కోస్టల్ ఆర్టరీ నుంచి వస్తుంది, అది సబ్‌క్లేవియన్ తాలూకు కోస్టోసర్వైకల్ ట్రంక్ కొమ్మ. 3 నుంచి 11 వరకు నేరుగా డిసెండింగ్ థొరాసిక్ అయోర్టా కొమ్మలు. ముందు వైపు ఆరు స్పేసులకి ఇంటర్నల్ థొరాసిక్ ఇస్తుంది, 7 నుంచి 9 వరకు దాని కొమ్మ మస్క్యులోఫ్రెనిక్. ముందువీ వెనకవీ స్పేస్‌లో కలుస్తాయి.

ఆ కలయికకి విలువ కోఆర్క్‌టేషన్ ఆఫ్ అయోర్టాలో తెలుస్తుంది. ఆర్చ్ దాటగానే అయోర్టా ఇరుకైపోతే రక్తం ఇంటర్నల్ థొరాసిక్ గుండా వచ్చి, ఇంటర్‌కోస్టల్ ఆర్టరీల్లో ఎదురు ప్రవహించి, ఇరుకు కింద అయోర్టాలోకి చేరుతుంది. ఏళ్ల తరబడి అలా ఉబ్బి మెలికలు తిరిగిన ఆర్టరీలు పక్కటెముకల కింది అంచును అరగదీస్తాయి. ఎక్స్‌రేలో ఆ నొక్కులు కనిపిస్తాయి. మొదటి రెండు పక్కటెముకల మీద మాత్రం ఉండవు. వాటి ఆర్టరీలు అయోర్టాలోకి తెరుచుకోవు కదా.

బైపాస్‌లో వాడే మామరీ ఆర్టరీ ఇదేనా?

ఇదే, ఇంటర్నల్ థొరాసిక్‌కి పాత పేరు ఇంటర్నల్ మామరీ. స్టెర్నమ్ అంచుకి ఓ సెంటీమీటరు దూరంలో లోపలి వైపు దిగుతుంది. ఆరో స్పేస్‌లో సుపీరియర్ ఎపిగాస్ట్రిక్‌గా, మస్క్యులోఫ్రెనిక్‌గా చీలుతుంది. ఎడమ వైపుదాన్ని సాధారణంగా గుండె ఎల్ఏడీకి (గుండె ముందు వైపు దిగే ఆర్టరీకి) కలుపుతారు.

## డీహెచ్‌లో

మొదటి రోజు కళ్లు తిరిగాయి. నేను డాక్టర్ కాలేనా?

అవుతారు. ఖాళీ కడుపుతో రాకండి, ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండితే బయటికెళ్లి నీళ్లతో కడుక్కుని రండి. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీలోనైనా, 1980లో వచ్చిన విజయవాడ సిద్ధార్థలోనైనా ఇన్ని బ్యాచ్‌లు ఈ బల్లల దగ్గర నిలబడే డాక్టర్లయ్యాయి. వాళ్లలో చాలామందికి మొదటి వారం అన్నం సహించలేదు. అక్కడ పడుకున్నది ఒక ఇంటి మనిషి. కొందరు బతికుండగానే తమ శరీరం మీకివ్వాలని రాసిచ్చినవాళ్లు. గౌరవంగా ఉండండి, గుడ్డ కప్పి వెళ్లండి.

పెక్టోరల్ రీజియన్ చేసేటప్పుడు ఏవి తెగిపోతుంటాయి?

మూడు. మొదటిది కెఫాలిక్ వెయిన్. డెల్టాయిడ్, పెక్టొరాలిస్ మేజర్ మధ్య గాడిలో కొవ్వులో దాక్కుని ఉంటుంది. కొవ్వంతా ఒకేసారి గీకేస్తే దాంతో పాటే పోతుంది. ఫోర్సెప్స్ మూసి, కొనతో గాడి పొడుగునా మెల్లగా విడదీస్తూ వెళ్లండి. నల్లటి తాడులా బయటపడుతుంది. దాన్ని పైకి అనుసరిస్తే క్లావిపెక్టోరల్ ఫాషియాని చీల్చుకుని లోపలికి దిగే చోటు దొరుకుతుంది. అదే చోట థొరాకోఅక్రోమియల్ ఆర్టరీ, లేటరల్ పెక్టోరల్ నర్వ్ బయటికి వస్తాయి.

రెండోది ఇంటర్‌కోస్టోబ్రాకియల్ నర్వ్. రెండో స్పేస్‌లోంచి బయటికొచ్చి చంకను అడ్డంగా దాటి పై చెయ్యి లోపలి పక్కకి వెళ్తుంది. చంక కొవ్వు తీసేటప్పుడు దారం అనుకుని తెంపేస్తారు. రొమ్ము క్యాన్సర్‌కి చంక గ్రంథులు తీసిన తర్వాత కొందరు పై చెయ్యి లోపలి వైపు మొద్దుబారిందని చెప్పేది దీని వల్లే.

మూడోది లాంగ్ థొరాసిక్ నర్వ్, మెడ దగ్గరి సీ5, సీ6, సీ7 నరాల నుంచి వస్తుంది. సెర్రాటస్ యాంటీరియర్ బయటి ముఖం మీద నిలువుగా దిగుతుంది. కండరానికి లోపల వెతకొద్దు, పైనే ఉంటుంది. ఇది దెబ్బతిన్న మనిషి గోడను రెండు చేతులతో నెడితే స్కాపులా (భుజం వెనక ఎముక) రెక్కలా వెనక్కి లేస్తుంది.

ఇంటర్‌కోస్టల్ నర్వ్ ఎంత వెతికినా కనిపించడం లేదు.

స్పేస్ మధ్యలో వెతుకుతున్నారు. ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ కండరాలను పై పక్కటెముక కింది అంచు వెంటే కోసి కిందికి మడవండి. తర్వాత హుక్‌తో పక్కటెముకను కొంచెం పైకి లాగి గాడి లోపల చూడండి. మూడింట్లో నరమే అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి ముందు కనిపించేది అదే.

## వైవా, స్పాటర్స్ (చూసి గుర్తుపట్టే పరీక్ష)

థొరాక్స్ గోడ నుంచి ఏం అడుగుతారు? ముఖ్యమైనవి చెప్పండి మేడం.

పేపరు పెట్టేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే అయినా, వైవాలో ప్రశ్న ఎదుట కూర్చున్న ఎగ్జామినర్‌ది. మొదటి పక్కటెముక, టిపికల్ ఇంటర్‌కోస్టల్ స్పేస్, స్టెర్నల్ యాంగిల్, రొమ్ము లింఫాటిక్స్, డయాఫ్రమ్ తరచూ వస్తాయి. ఇంటర్‌కోస్టల్ స్పేస్ అడ్డకోత బొమ్మ రెండు నిమిషాల్లో వేయగలగాలి. రంగు పెన్సిళ్లు పట్టుకెళ్లండి. రొమ్ము విషయంలో రెండు అంకెలు: అది రెండో పక్కటెముక నుంచి ఆరో పక్కటెముక దాకా ఉంటుంది, దాని లింఫ్‌లో దాదాపు 75 శాతం చంక గ్రంథులకి వెళ్తుంది.

డయాఫ్రమ్ కింద చీము పడితే భుజం నొప్పి ఎందుకు?

డయాఫ్రమ్ పుట్టింది మెడ దగ్గర. కిందికి దిగుతూ తన నరాన్ని వెంట తెచ్చుకుంది. ఫ్రెనిక్ నర్వ్ సీ3, సీ4, సీ5 నుంచి వస్తుంది. భుజం పై చర్మానికి వెళ్లే సుప్రాక్లావిక్యులర్ నరాలు సీ3, సీ4వి. స్పైనల్ కార్డ్ మట్టంలో రెండూ ఒకచోటికే చేరతాయి కాబట్టి మెదడు నొప్పిని భుజానిదిగా తీసుకుంటుంది. డయాఫ్రమ్ రంధ్రాల మట్టాలు కూడా అడుగుతారు: ఇన్ఫీరియర్ వీనా కేవా టీ8 (ఎనిమిదో థొరాసిక్ వెన్నుపూస), ఈసోఫేగస్ టీ10, అయోర్టా టీ12.

## వార్డులో

ఛాతీలో ట్యూబ్ వేసేది ఎక్కడ?

చంక కింద, ఐదో స్పేస్‌లో, చంక మధ్య నుంచి నిలువుగా దిగే మిడాక్సిలరీ లైన్‌కి కొంచెం ముందు. ముందు పెక్టొరాలిస్ మేజర్ అంచు, వెనక లాటిసిమస్ డార్సై అంచు, కింద ఐదో స్పేస్ మట్టం, పైన చంక. ఈ హద్దుల మధ్య కండరం పల్చగా ఉంటుంది, పెద్ద రక్తనాళాలు ఉండవు. ఇంకా కిందికి వెళ్తే డయాఫ్రమ్ గుండా కాలేయంలోకో ప్లీహంలోకో దిగే ప్రమాదం ఉంది.

పక్కటెముక విరిగితే సిమెంటు కట్టు వేయరేంటి? ఇంట్లో వాళ్లు డాక్టర్ ఏమీ చేయలేదంటున్నారు.

చెయ్యి విరిగితే కదలకుండా ఉంచవచ్చు, ఛాతీని ఆపలేం. గట్టిగా పట్టీ చుడితే లోతుగా ఊపిరి తీసుకోలేరు, దగ్గలేరు, కఫం లోపలే పేరుకుని న్యుమోనియా వస్తుంది. అందుకే నొప్పి తగ్గించి, ఊపిరితిత్తుల వ్యాయామం చేయించి, దిండు అదుముకుని దగ్గమంటారు. చికిత్స అదే. ఇంట్లో వాళ్లకి ఇది కూర్చోబెట్టి చెప్పడం మీ పనిలో భాగం.

మన హైవే మీద బైక్ ప్రమాదాలతో వచ్చే కేసుల్లో పక్కటెముక ఎక్కడ విరిగిందన్నది ముందు చూడాలి. ముందూ వెనకా నలిగినప్పుడు యాంగిల్‌కి కొంచెం ముందు విరుగుతుంది, అది పక్కటెముకకి బలహీనమైన చోటు. మధ్య పక్కటెముకలు ఎక్కువగా విరుగుతాయి. మొదటిది విరిగిందంటే దెబ్బ బలమైనదని, మెడ మొదట్లోని రక్తనాళాలు, నరాలు చూడాలని అర్థం. 9 నుంచి 12 విరిగితే కుడి పక్క కాలేయం, ఎడమ పక్క ప్లీహం, వెనక కిడ్నీ గురించి ఆలోచించాలి. వరసగా మూడు, నాలుగు పక్కటెముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క మిగతా గోడకి ఎదురుగా కదులుతుంది: ఊపిరి పీలిస్తే లోపలికి, వదిలితే బయటికి. అది ఫ్లెయిల్ చెస్ట్. చొక్కా పూర్తిగా తీసి, పక్క నుంచి వంగి చూస్తేనే దొరుకుతుంది.

పిల్లల విషయంలో జాగ్రత్త. వాళ్ల పక్కటెముకలు వంగుతాయి, అంత తేలిగ్గా విరగవు. పైన ఫ్రాక్చర్ లేకపోయినా లోపల ఊపిరితిత్తి నలిగి ఉండవచ్చు.

సీపీఆర్‌లో పక్కటెముక విరిగితే ఆపేయాలా?

ఆపొద్దు. చేతులు స్టెర్నమ్ కింది సగం మీదే ఉన్నాయా చూసుకుని కొనసాగించండి. పెద్దవాళ్లకి 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. జైఫాయిడ్ మీద నొక్కితే కాలేయానికి దెబ్బ. పెద్ద వయసులో కోస్టల్ కార్టిలేజ్‌లలో కాల్షియం చేరి గట్టిపడతాయి కాబట్టి చప్పుడు వినిపించడం మామూలే.

## ఇంట్లో, ఊళ్లో అడిగినప్పుడు

"ఛాతీలో నొప్పి, వేలుతో నొక్కితే ఎక్కువవుతోంది. గ్యాసేగా?" అని మామయ్య ఫోన్ చేశారు. ఏం చెప్పాలి?

"మామయ్యా, ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి" అని చెప్పాలి. పక్కటెముక, కార్టిలేజ్ కలిసే చోట వాపు వస్తే ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి ఉంటుంది, నొక్కితే పెరుగుతుంది, అది నిజమే. కానీ గుండెపోటు వచ్చిన మనిషికి కూడా ఛాతీ నొక్కితే నొప్పి ఉండవచ్చు. ఫోన్‌లో తేల్చే విషయం కాదిది. బిగబట్టినట్టున్నా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయించండి. మీరు ఫస్టియర్, మీ మాట ఇంట్లో డాక్టరు మాటలా చెల్లుతుంది. అందుకే "గ్యాసే" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు.

దగ్గి దగ్గి పక్కలు పట్టేశాయంటున్నారు. అది దేని నొప్పి?

మిర్చి యార్డు వైపు పనిచేసేవాళ్ల ఇళ్లలో ఈ మాట ఎక్కువగా వింటాం. దగ్గినప్పుడు ఇంటర్నల్ ఇంటర్‌కోస్టల్, పొట్ట కండరాలు బలంగా బిగుసుకుంటాయి. రోజుల తరబడి అలా జరిగితే అవి నొస్తాయి. ముసలివాళ్లలో దగ్గుకే పక్కటెముక చిట్లవచ్చు. ఒకేచోట పోటు ఆగకపోతే ఎక్స్‌రే తీయించాలి. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ కోసం కఫం పరీక్ష తప్పనిసరి.

అమ్మమ్మకి ఛాతీ చుట్టూ సర్పి వచ్చింది. తలా తోకా కలిస్తే ప్రాణం మీదికొస్తుందంటున్నారు. నిజమా?

మీరు చదువుతున్న అనాటమీయే దీనికి జవాబు. ఒక్కో ఇంటర్‌కోస్టల్ నరం వెన్ను నుంచి బయల్దేరి పక్కటెముక వెంట తిరిగి ముందు నడి గీత దగ్గర ఆగిపోతుంది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ వెన్ను పక్కన ఆ నరం ముడి, అంటే గాంగ్లియాన్‌లో ఏళ్ల తరబడి దాక్కుని, తర్వాత ఆ నరం వెంటే చర్మానికి వస్తుంది. అందుకే పొక్కులు ఒక పక్కనే, పట్టీలా ఉంటాయి. చనుమొన మట్టంలో ఉంటే టీ4, బొడ్డు మట్టంలో ఉంటే టీ10. మామూలుగా నడి గీత దాటదు. అరుదుగా రెండు పక్కలా వచ్చినా ప్రాణం పోయేది అది కలిసినందువల్ల కాదు. అలా వస్తే రోగనిరోధక శక్తి తగ్గిందేమో డాక్టర్లు చూస్తారు.

మంత్రం వేయించుకుంటే వేయించుకోనివ్వండి, కానీ పసర్లు పూయొద్దనండి. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి పొక్కులు మానాక కూడా మంట నెలల తరబడి ఉండవచ్చు, దానికి వేరే మందులున్నాయి. పొక్కు రాకముందే రెండు మూడు రోజులు ఆ పట్టీలో మంట, పోటు ఉంటాయి కాబట్టి మొదట గుండె నొప్పి అనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

నాన్నకి రొమ్ము ఎముక కింద కొసన గట్టిగా ఏదో తగులుతోందట. గడ్డేమోనని భయపడుతున్నారు.

చాలాసార్లు అది జైఫాయిడ్. చిన్న వయసులో కార్టిలేజ్‌గా మెత్తగా ఉంటుంది, నలభై దాటాక మెల్లగా ఎముకగా మారుతుంది. కొందరికి దాని కొస ముందుకి వంగి ఉంటుంది, కొందరికి రెండుగా చీలి ఉంటుంది. బరువు తగ్గినప్పుడు పైన కొవ్వు కరిగి కొత్తగా చేతికి తగులుతుంది. సరిగ్గా మధ్యలో ఉండి, స్టెర్నమ్‌కి కలిసిపోయి, నొప్పి లేకుండా, నెలల తరబడి అలాగే ఉంటే కంగారు పడాల్సినది కాదు. పక్కకి జరిగి ఉన్నా, పెరుగుతున్నా, మీద చర్మం రంగు మారినా సర్జరీ ఓపీలో ఒకసారి చూపించమనండి.